పొగతో తిరిగే చక్రం

శ్రీ విజయపురం (2024 వరకు పోర్ట్ బ్లెయిర్) డిగ్నాబాద్‌లో ఎవరో పాత టర్బో కారు అమ్ముతున్నారని తెలిసి మీరు చూడబోయారనుకుందాం. బానెట్ ఎత్తితే ఎగ్జాస్ట్ గొట్టం పక్కన నత్తగుల్ల ఆకారంలో ఒక లోహపు డొల్ల కనిపిస్తుంది. దాని కథ తెలిస్తే కారులో ఏం చూడాలో సగం తెలిసినట్లే.

ఇంజన్‌లో మండిన ఇంధనపు శక్తిలో దాదాపు మూడో వంతు వేడి పొగతోబాటు గాలిలో కలిసిపోతుంది. ఈ వృథాను వాడుకోవాలని స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బుషి 1905లో పేటెంటు తీసుకున్నాడు. పొగ ఒక చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసుకు రెండో కొసన ఉన్న చక్రం బయటి గాలిని ఒత్తి సిలిండర్లలోకి నెడుతుంది. గాలి పెరిగితే ఎక్కువ ఇంధనం మండించవచ్చు. ఆలోచన సులువే! అంత వేడిలో అంత వేగంగా తిరిగి నిలిచే చక్రం చేయడానికే ఇరవై ఏళ్ళు పట్టింది.

1918లో అమెరికాలో శాన్‌ఫర్డ్ మాస్ ఒక విమాన ఇంజన్‌ను 14,000 అడుగులకు పైబడిన పైక్స్ పీక్ శిఖరానికి చేర్చి, పలుచని గాలిలోనూ టర్బో దాని శక్తిని నిలబెడుతుందని చూపాడు. అయితే టర్బో నిజంగా స్థిరపడింది నీటి మీదే. 1920ల మధ్యలో ప్రాయ్‌సెన్, హాన్‌జెస్టాట్ డాంజిగ్ అనే జర్మన్ ప్రయాణికుల నౌకల ఇంజన్ల శక్తి బుషి పద్ధతితో 1,750 నుంచి 2,500 అశ్వశక్తికి పెరిగింది. చెన్నై, విశాఖల నుంచి మీ రేవుకు వచ్చే ఓడల వంటి వాటిలో టర్బో లేని డీజిల్ ఇంజన్ ఈనాడు అరుదు.

కార్లకు ఇది 1962లో వచ్చింది. ఆ ఏడాది ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్‌లో నీరు, మిథనాల్ కలిపిన ద్రవాన్ని ప్రత్యేకంగా పోస్తూ ఉండాలి. యజమానులు మరిచిపోయేవారు. చివరికి కంపెనీయే చాలా కార్లలో టర్బో తీసి మామూలు కార్బురెటర్ బిగించింది. మన దేశంలో 1998 నాటి టాటా సఫారీ టర్బో డీజిల్‌తోనే వచ్చింది.

ఇక మీ బేరం సంగతి. టర్బో ఇరుసు నిమిషానికి లక్ష చుట్లకు పైగా, పలుచని ఆయిల్ పొర మీద తేలుతూ తిరుగుతుంది. వేగంగా నడిపి వచ్చి వెంటనే ఇంజన్ ఆపేసే అలవాటుంటే ఆ ఆయిల్ మాడి బొగ్గవుతుంది. కాబట్టి మైలేజి కన్నా ముందు ఆయిల్ మార్చిన బిల్లులు అడగండి. మీరు వచ్చేలోగా ఇంజన్ వేడిచేయవద్దని అమ్మేవారితో చెప్పండి. చల్లగా స్టార్ట్ చేసినప్పుడు నీలిపొగ వస్తే ఆయిల్ కాలుతోందన్నమాట. దట్టమైన నల్లపొగ వస్తే గాలి చాలడం లేదు, గొట్టాల్లో చీలిక ఉండవచ్చు. ఇంజన్ ఆపి, చల్లారాక గాలి గొట్టం ఊడదీసి ఇరుసును వేళ్ళతో కదపండి. పక్కలకు రవ్వంత ఆడితే ఫరవాలేదు. ముందుకూ వెనక్కూ జరిగినా, రెక్కలు డొల్లకు రాసుకున్నా ఆ టర్బో పని అయిపోయినట్లే.

ద్వీపంలో మరో శత్రువు ఉప్పుగాలి. చాసిస్ అడుగునా, ఇంటర్‌కూలర్ రెక్కల్లోనూ, ఎగ్జాస్ట్ బోల్టుల వద్దా తుప్పు వెతకండి. విడిభాగాలు సముద్రం దాటి రావాలి గనుక టర్బో మార్చే ఖర్చు ముందే కనుక్కుని, ఆ తరువాతే ధర మాట్లాడండి.