దివాన్ దేవిడీ నుంచి దారుల్‌షిఫా దాకా

1949 మార్చి 2న మూడో సాలార్‌జంగ్, నవాబ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ కన్నుమూసేనాటికి హైదరాబాదులోని ఆయన నివాసం దివాన్ దేవిడీలో లేనిదంటూ లేదు, వారసుడు తప్ప. పెళ్లి చేసుకోలేదు. 1912లో, ఇరవై మూడేళ్ల వయసులో, ఏడో నిజాం దగ్గర ప్రధానమంత్రి అయ్యాడు. రెండేళ్లకే ఆ పదవి వదిలేశాడు. మిగిలిన ముప్ఫై అయిదేళ్లూ వస్తువులు కొనడమే ఉద్యోగం. ఆ సంగతి తెలిసి దేశదేశాల వ్యాపారులు పెట్టెలు మోసుకుని దేవిడీ గుమ్మం తొక్కేవారు. పింగాణీ, పచ్చరాయి, తివాచీ, కత్తి, చేతికర్ర, ఖురాన్ ప్రతి, ఆడుకునే బొమ్మ... ఇది కావాలి, అది వద్దు అన్న బేరం ఆయనకు పెద్దగా తెలిసినట్టు లేదు.

తాత, మొదటి సాలార్‌జంగ్ మీర్ తురాబ్ అలీఖాన్ కొన్నవి కూడా వీటిలో కలిశాయి. మేలిముసుగు రెబెక్కాను రోములో 1876లో కొన్నది ఆయనే. శిల్పి బెంజోనీ చెక్కిన ఆ పాలరాతి ముసుగు వెనక ముక్కు, పెదవి, కనురెప్ప స్పష్టంగా తెలుస్తుంటాయి. గుడ్డ కాదు రాయి అని తెలిసినా మనసు ఒక పట్టాన ఒప్పుకోదు.

ఇంత సంపదకు సొంతదారు పోతే ఏమవుతుంది? మామూలుగా అయితే వాటాలు, వేలాలు, కోర్టులు. ఇక్కడా కోర్టు తప్పలేదు గానీ, అంతకుముందే ప్రభుత్వం ఎస్టేటు కమిటీని వేసింది. అప్పటి హైదరాబాద్ పాలనాధిపతి వెల్లోడి ఈ సేకరణను మ్యూజియం చేద్దామనుకున్నారు. ఆ సర్దుబాటు పనికి పిలిచిన మనిషి జేమ్స్ కజిన్స్.

కజిన్స్ దగ్గర కాసేపు ఆగాలి. ఐర్లండ్ కవి, కళావిమర్శకుడు. తెలుగువాళ్లకు ఆయన పరాయివాడు కాడు. 1919లో రవీంద్రుడు మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలలో బస చేసి 'జనగణమన'ను ఇంగ్లిషులోకి మార్చినప్పుడు అక్కడి ప్రిన్సిపాల్ ఈయనే. స్వరం కూర్చడంలో సాయపడింది ఈయన భార్య మార్గరెట్. చివరికి 1956లో కజిన్స్ కన్నుమూసిందీ మదనపల్లెలోనే. హైదరాబాద్ పనికి ముందే మైసూరు జగన్మోహన ప్యాలెస్‌లోనూ, తిరువనంతపురంలోనూ రాజుల బొమ్మలను జనం చూసే గ్యాలరీలుగా మలచడంలో ఆయన చెయ్యి ఉంది. రాజుగారి గోడ మీది పటాన్ని ప్రజల గోడ మీదికి మార్చడం ఎలాగో ఆయనంత బాగా తెలిసినవాళ్లు అప్పట్లో మన దేశంలో ఎక్కువమంది లేరు.

1951 డిసెంబరు 16న నెహ్రూ వచ్చి దివాన్ దేవిడీలోనే మ్యూజియం తలుపులు తెరిచారు. అంటే ఈ 2026 డిసెంబరుకు 75 ఏళ్లు. తొలినాళ్లలో అది మ్యూజియం కన్నా నవాబుగారు ఊరెళ్లినప్పుడు తెరిచిపెట్టిన ఇల్లే. యజమాని కూర్చున్న గదుల్లోనే ఆయన కొన్న సామాను. ఆ తర్వాత 1958 డిసెంబరు 26న హైకోర్టు డిక్రీతో కుదిరిన రాజీ ప్రకారం ఇదంతా కేంద్ర ప్రభుత్వ పరమైంది. 1961లో పార్లమెంటు చట్టం చేసి జాతీయ ప్రాముఖ్యం గల సంస్థ అంది. నిర్వహణకు గవర్నరు అధ్యక్షుడిగా ట్రస్టీల బోర్డు ఏర్పడింది.

చట్టం వచ్చింది గానీ చోటు చాలలేదు. మూసీ దక్షిణపు ఒడ్డున దారుల్‌షిఫాలో స్థలం చూశారు. 1963లో శంకుస్థాపనకూ నెహ్రూయే వచ్చారు. భవనం పూర్తయ్యేసరికి ఆయన లేరు. 1968లో ప్రారంభించింది రాష్ట్రపతి జాకిర్ హుస్సేన్, పుట్టుకతో హైదరాబాదీ. ఆ తెల్లటి భవనాన్ని అందగాడని ఎవరూ అనరు. చార్మినార్‌కు పోయే దారిలో సర్కారీ దఫ్తరులా ఉంటుందని విసుక్కునేవాళ్లున్నారు. నాకు ఆ సాదాతనమే నచ్చుతుంది. లోపల ఇంత ఆర్భాటం ఉన్నప్పుడు బయటి గోడ కూడా పోటీకి దిగితే తట్టుకోలేం. పాత దేవిడీకి మాత్రం కమానులే మిగిలాయి. లోపలంతా దుకాణాలు.

2000లో భవనానికి అటూ ఇటూ రెండు బ్లాకులు లేచాయి. యూరప్ సరుకు పడమటి బ్లాకుకూ, చైనా, జపాన్ల సరుకు తూర్పు బ్లాకుకూ చేరింది. పడమటిదానికి మూడో సాలార్‌జంగ్ తండ్రి మీర్ లాయక్ అలీఖాన్ పేరు, తూర్పుదానికి తాత మీర్ తురాబ్ అలీఖాన్ పేరు. మనవడు పుట్టి నెల తిరిగీ తిరగకముందే తండ్రి పోయాడు. తాత అంతకు ఆరేళ్ల ముందే పోయాడు. ముగ్గురూ ఒక్క కప్పు కింద ఎన్నడూ లేరు. ఇప్పుడు ఒకే ఆవరణలో కొలువయ్యారు.

ఈ విస్తరణ వల్ల జరిగిన మేలు చోటు పెరగడం ఒక్కటే కాదు. కిక్కిరిసి ఉన్నప్పుడు వస్తువు సంపదలా కనబడుతుంది. చుట్టూ నాలుగడుగుల ఖాళీ దొరికితేనే కళగా కనబడుతుంది. నష్టమూ ఉంది. ఒకే మనిషికి ఒకే రోజున చైనా కూజా మీదా, మొఘల్ బాకు మీదా మనసు పోయిందన్న సంగతి బ్లాకులు విడిపోయాక తోచదు. ఆ మనిషి పిచ్చి మనకు అందకుండా పోయి, ఆయన పట్టీ మాత్రం మిగిలింది.

ఇక ఆధునిక చిత్రాల గ్యాలరీ. రవివర్మ, అవనీంద్రనాథ్ ఠాకూర్, నందలాల్ బోస్, చుగ్తాయ్ ఉన్నారు. మనకు వీళ్లు పాఠ్యపుస్తకంలో పేర్లు. మూడో సాలార్‌జంగ్‌కు మాత్రం తన కాలపు మనుషులు. రవివర్మ పోయేనాటికి ఆయనకు పదిహేడేళ్లు. అవనీంద్రుడు ఆయన తర్వాత కూడా రెండేళ్లు బతికాడు. రవివర్మ తైలవర్ణాల నిగనిగ మీద విసుగుతోనే బెంగాల్ వాళ్లు రంగును నీళ్లలో కడిగి కడిగి పలచన చేసి మంచు తెరలాంటి బొమ్మలు వేశారు. కజిన్స్ దేశమంతా తిరిగి వకాల్తా పుచ్చుకున్నది ఆ రెండోవాళ్ల తరఫున. నాటి కొట్లాట ఎరగనట్టు ఇరుపక్షాలూ ఇప్పుడు ఒకే చోట వేలాడుతున్నాయి. తీరికగా నిలబడితే తగువు ఇప్పటికీ వినిపిస్తుంది. నిలబడేవాళ్లే తక్కువ.

ఎందుకంటే జనమంతా గడియారం దగ్గర ఉంటారు. కలకత్తా కుక్ అండ్ కెల్వీ వారి సంగీత గడియారం అది. లోపల ఓ కమ్మరి బొమ్మ క్షణక్షణానికీ సుత్తితో కొడుతుంటుంది. గంట అయ్యే ముందు గడ్డం బొమ్మ ఒకటి తలుపు తీసుకుని బయటికొచ్చి, గంట కొట్టి, మళ్లీ లోపలికి పోతుంది. దానికోసం బెంచీల మీద సర్దుకుని కూర్చుంటారు, పిల్లల్ని భుజాలెక్కిస్తారు. పన్నెండింటికి మరీ రద్దీ, పన్నెండు దెబ్బలు కదా. శుక్రవారం సెలవు. మిగతా ఏ రోజైనా సరిగ్గా ఆ పన్నెండింటికే చిత్రాల గ్యాలరీకి వెళ్లి చూడండి. రవివర్మ, అవనీంద్రుడు, మీరు.