మనూరి వాచీ

మంట దగ్గరికి జరుగుండ్రి పిల్లలు, పొగ అటు దిక్కు పోతున్నది. డబ్బ తెమ్మంటిరి, తెచ్చిన. ఒడిల పెట్టుకొని సూడుండ్రి గనీ సెగకు పట్టకుండ్రి. పాత వాచీల అద్దాలు సగం ప్లాస్టిక్‌వే, వంకరపోతయి. మీ నాయినమ్మ లెక్కల ఇదంత చెత్త. ఇన్ని గడియారాలున్న మనిషి ఒక్కనాడన్న టైముకు బువ్వకు రాలేదని ఇప్పటికీ అంటది. అననియ్యి.

నాకు ఈ పిచ్చి షోకుతోని పట్టలేదు, కొలువుతోని పట్టింది. ఆర్టీసీల కండక్టరుగ ఎక్కిన, కంట్రోలరుగ దిగిన. కండక్టరంటె భుజాన సంచి, చేతిల లెక్కలు రాసే ఎస్సారు కాయితం, మణికట్టుకు వాచీ. ఏ స్టేజీ ఎన్నింటికి దాటిందో రాయకుంటె ఆ దినం లెక్క తెగదు. కంట్రోలరైనంక ఇంక ఎక్కువాయె. దిల్‌సుఖ్‌నగర్ల నిలబడి వచ్చే బస్సుకు, పొయ్యే బస్సుకు టైము రాసుడే పని. లేటయిన డ్రైవరు దిగంగనే ఒకటే మాట అంటుండె: "సారూ, మీ గడియారం ముందున్నది." అందుకే పొద్దుగాల రేడియోల వార్తల ముంగట పిప్పు పిప్పుమని కొడ్తుంటె ఆ ఆఖరి పిప్పుకు ముల్లు సరిజేసుకొని ఇల్లు ఎళ్తుంటి. ఇగ ఎవడు మాట్లాడినా రేడియోను అడుగుపో అంటుంటి.

అప్పటి దిల్‌సుఖ్‌నగర్ మీరు సూడలె. మలక్‌పేట దాటితె పట్నం పల్సబడుతుండె. ఇప్పుడు మనం కూసున్న ఎల్బీనగర్, లాల్ బహదూర్ శాస్త్రి పేరు పెట్టిన కొత్త కాలనీ. సుట్టుముట్టు అనాబ్-ఎ-షాహీ ద్రాక్ష తోటలు, నడుమల విజయవాడ రోడ్డు, రోడ్డు మీద లారీలు. కొత్తపేటల పండ్ల మార్కెట్టు వచ్చినంకనే ఇటు దిక్కు రాత్రిపూట గూడ మనుషుల సప్పుడు మొదలైంది. ఆ మార్కెట్టు గూడ 2021ల బాటసింగారం పాయె.

సరే, వాచీల కాడికొద్దం. ఆ తెల్ల డయలుది తియ్యి. జనత. హెచ్చెమ్టీ జనత. నా పెండ్లిల నేను అలకపాన్పు మీద కూసొని అలిగితె మీ నాయినమ్మ తండ్రి తెచ్చి కట్టిండు. అప్పట్ల పెండ్లి కొడుకంటె వాచీ, సైకిలు, రేడియో. మూడు దొరికితె మారాజు. సైకిలు తుప్పు పట్టె, రేడియో పాడాయె, వాచీ ఇగో నడుస్తనే ఉన్నది. పాపం ఆ ముసలాయన దీనికోసం ఎంత తిరిగిండో. పైసలుంటె సాలకపోతుండె, షోరూముల సరుకు ఉండాలె గద! వచ్చిన నాడే అయిపోతుండె. తెలిసిన మనిషి సిఫారసు కావాలె, లేకుంటె ఓపిక కావాలె.

హెచ్చెమ్టీ అంటె మొదట మిషన్లు చేసే మిషన్ల కంపెనీ, 1953ల బెంగుళూరుల పెట్టిన్రు. 1961ల జపానోళ్ల సిటిజన్ కంపెనీతోని పొత్తు కలిసి చేతి గడియారాలు మొదలు వెట్టిన్రు. అంతకు ముందు మనోళ్ల చేతికి ఉన్నయన్ని బయటి దేశం సరుకే: ఫేవర్ లూబా, రోమర్, వెస్టెండ్. జమీందార్లకు, దొరలకు, రైల్వే గార్డులకు తప్ప మామూలోనికి వాచీ ఏడిది? జనత వచ్చినంకనే బడి పంతులు, కండక్టరు, పట్వారీ ముంజేయి మీద గడియారం కనబడ్డది. పైలట్, కోహినూర్, సోనా, కాంచన్ అన్నీ దాని తమ్ముళ్లే. నల్ల డయలుది పైలట్. కాంచన్‌కు చాబి ఇచ్చే పని లేదు, చెయ్యి ఆడుతుంటె దానంతటది బిగుసుకుంటది, తారీకు, వారం గూడ సూపెడ్తది. మా కాలంల కాంచన్ పెట్టిన అల్లునికి మర్యాదే వేరు.

ఈ జనతను నేను బాగు చేయించుకున్న తీరు చెప్త, ఇది తెల్సుకోవాల్సిన ముచ్చట. దిల్‌సుఖ్‌నగర్ కోణార్క్ టాకీసు దిక్కు ఓ చాచా కూసుంటుండె. చిన్న బల్ల, దాని మీద మూడు దిక్కులా అద్దం పెట్టె. కన్నుకు నల్ల గొట్టం లెక్క ఉండే అద్దం ఇరికించుకుంటె మనం ఏం మాట్లాడినా ఇనపడది ఆయనకు. వెనుక మూత లేపుతడు. ముందుగాల బిగిసున్న స్ప్రింగును మెల్లగ వదులుతడు. అది వదలకుండ ఇప్పితె చక్రాల పండ్లు ఇరుగుతయి. అటెనుక బ్యాలెన్సు తీస్తడు, దానికింద ఎంటికంత సన్నపు స్ప్రింగు ఏలాడ్తుంటది. అది జర వంకర పోయిందా, వాచీ పని ఖతం. ఒక్కొక్క చక్రాన్ని చిమ్టతోని పట్టి చిన్న గిన్నెల పెట్రోల్ల కడుగుతడు, ఇరుసు కొసలను బెండు ముక్కల గుచ్చి తుడుస్తడు. ఆఖరుకు సూది మొనకు అంటినంత నూనె. అంతే. ఎక్కువ పోస్తె దుమ్ము పట్టి ముద్దగడ్తది అంటుండె.

డయలు మీద '17 జువెల్స్' అని రాసుంటది సూడు. అవి బంగారం కాదు, వజ్రం కాదు. ఇరుసులు తిరిగే కాడ పెట్టే ఎర్ర రాళ్లు, కెంపులే గనీ ఫ్యాక్టరీల చేసినయి. ఇనుము మీద ఇనుము తిరిగితె అరుగుతది, రాయి మీద తిరిగితె అరగది. చెవు దగ్గర పెట్టుకో. సెకండుకు అయిదు సార్లు కొడ్తది, గంటకు 18 వేలు. అన్ని దెబ్బలు కొట్టే దానికి మూడు నాలుగేండ్లకోసారి కడుగుడు, నూనె ఏసుడు అడుగుడు తప్పా? చాచా చెప్పిన ఇంకో మాట: దినాం పొద్దున ఒకే టైముకు చాబి ఇయ్యాలె, చేతికున్నప్పుడు ఇయ్యొద్దు, ఇప్పి ఇయ్యాలె. ముంజేయికి ఉన్నప్పుడు తిప్పితె చాబి పక్కకు గుంజుతది, దాని కాడ వంగుతది. నేను అట్లనే చేస్త. అందుకే ఇది ఇంక బతికున్నది.

ఇగ ఆ మూలకున్నది తీయి. నా డబ్బల అన్నిట్లకు పెద్దది అదే. ధరల గాదు, నా లెక్కల. ఏం రాసుంది సదువు.

ఆల్విన్. ఫ్రిజ్జు కంపెనీ గదా అంటవు. నువ్వే గాదు, సగం పట్నం గట్లనే అంటది. అదే నాకు కోపం. హెచ్చెమ్టీ బెంగుళూరుది, టైటాన్ హోసూరుది. ఇది మనది. 1942ల నిజాం సర్కారు పారిశ్రామిక నిధి, అలాద్దీన్ కంపెనీ కలిసి పెట్టినయి ఆల్విన్ మెటల్ వర్క్స్. సనత్‌నగర్ దిక్కు కార్ఖానా. ఇనుప బీరువాలు చేసిన్రు, మంచాలు, కుర్చీలు చేసిన్రు, ఫ్రిజ్జులు చేసిన్రు. మా ఆర్టీసీ బస్సులకు బాడీలు కట్టిన్రు. ఎనభైల మొదట్ల జపాను సీకో కంపెనీతోని పొత్తు పెట్టుకొని గడియారాలు చేసుడు షురూ చేసిన్రు. అప్పుడు నా సంగతేందో తెల్సా? ఆల్విన్ బాడీ కట్టిన బస్సుల నిలబడి, ఆల్విన్ వాచీ సూసుకుంట టికెట్లు కొట్టి, ఇంటికొచ్చి ఆల్విన్ బీరువాల సంచి పెట్టేటోన్ని. పొద్దంత హైదరాబాదు చేసిన సామాను మీదనే బతికిన.

సీకో అంటె ఉత్తగ కాదు. 1969 డిసెంబర్ 25 నాడు దునియాల మొదటి క్వార్ట్జ్ చేతి వాచీ అమ్మకానికి పెట్టినోళ్లు వాళ్లే, ఆస్ట్రాన్ అని. దాని ధర 4 లక్షల 50 వేల యెన్లు, చిన్న కారు వస్తుండె ఆ పైసలకు. అసొంటి కంపెనీ పనితనం మన సనత్‌నగరోళ్ల పేరు మీద మన చేతికొచ్చింది. ఈ ముక్క సూడు, ముళ్ల అంచులు ఎంత సాపుగున్నయో. పక్కన జనత పెట్టి సూడు. జనత మంచిదే, నాకు ప్రాణం. గనీ పనితనంల ఆల్విన్ ఒక మెట్టు పైన. తర్వాత ట్రెండీ అని క్వార్ట్జ్ పిల్లగాండ్లకు తెచ్చిన్రు, రంగు రంగులయి. కాలేజీ పోరగాండ్లు మస్తు పెట్టిన్రు.

తొంభైలల్ల కంపెనీ కూలవడ్డది. ఫ్రిజ్జులు వోల్టాస్‌కు పోయినయి, వాచీల పేరు పోయింది. ఎందుకు పోయిందంటె ఒక్కొక్కలు ఒక్కో తీరు చెప్తరు, నాకు తెల్సింది నా కండ్లతోని సూసిందే. 1987ల టైటాన్ వచ్చింది. టాటాలు, తమిళనాడు సర్కారు కలిసి 1984ల పెట్టిన కంపెనీ. ఆర్టీసోడికి టైటాన్ అంటె అప్పటిదాక లేలాండోళ్ల డబుల్ డెక్కర్ బస్సే, మేమంత నవ్వుకున్నం. హోసూర్ల చానామంది మనలెక్కనే తెలుగు మాట్లాడ్తరు, ఆ రకంగ అది గూడ చుట్టమే. వాళ్లు మొత్తం క్వార్ట్జే చేసిన్రు. చాబి లేదు, సర్వీసింగు లేదు, నెలకు కొన్ని సెకండ్లే తప్పుతది. ఏసీ షోరూములు పెట్టిన్రు, టీవీల మోజార్ట్ రాగం ఏసిన్రు. ఆ సప్పుడు ఇనబడంగనే ఇంట్ల అందరు టీవీ దిక్కు తిరుగుతుండె. సర్కారు కంపెనోళ్లు డబ్బల పెట్టి అమ్మితె వీళ్లు పండుగ చేసి అమ్మిన్రు. నేనే ఒకటి కొన్న, ఇగో ఉన్నది, బాగనే ఉన్నది. దాని మీద చెప్పడానికి ముచ్చట మాత్రం ఏం లేదు.

చాచా పని అప్పటి సంది సెల్లు మార్చుడే. కన్నుకు అద్దం పెట్టుకునే అక్కెర లేకుండె. ఆయన తర్వాత కొడుకు సెల్‌ఫోన్లు బాగుజేసే దుకాణం పెట్టుకున్నడు, మంచి పనే చేసిండు.

దిల్‌సుఖ్‌నగర్ల కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు వచ్చినంక ఫుట్‌పాత్ మీద వాచీల అమ్మకం ఇంకో తీరు. నల్లగొండ, ఖమ్మం, మహబూబ్‌నగర్ నుంచి వచ్చిన పిల్లలు పెట్టె, బొంత దింపి ముందుగాల కొనేది చౌక వాచీ. పరీక్షల ప్రశ్నకు నిమిషం లెక్క పెట్టుకోవాలె గద. నల్ల ప్లాస్టిక్ పట్టా, అంకెలు మెరిసేది. అట్ల వేలకు వేలు అమ్ముడు పోయినయి ఈ రోడ్డు మీద. అదే పరీక్షలల్ల ఇప్పుడు వాచీ పెట్టుకొని లోపలికి పోనియ్యరు. నీట్‌కు పోతె గేటు కాడనే ఇప్పిస్తరు. కాపీ భయం, నాకు అర్థమైతది. అయినా పద్దెనిమిదేండ్ల పోరడు మొట్టమొదటి సారి సొంతంగ టైము కొలుచుకునే కాడ గోడ గడియారం దిక్కు మెడ తిప్పి సూడాల్నా? నాకైతె నచ్చదు.

ఆ చిన్న మూత ఉన్నది మెల్లగ. అది కండ్లు లేనోళ్లది, హెచ్చెమ్టీ బ్రెయిలీ. ఆరు దగ్గర నొక్కితె మూత లేస్తది. ఏలుతోని ముళ్లు తడిమి, చుక్కలు తడిమి టైము చెప్తరు. కండ్లు మూసుకొని నువ్వు సూడు. రాలేదు గదా? నాకు గూడ అలవాటు కానీకె దినాలు పట్టింది.

2016ల కేంద్రం హెచ్చెమ్టీ వాచెస్ మూసేసింది. అదే నిర్ణయంల మన మౌలాలీల ఉన్న హెచ్చెమ్టీ బేరింగ్స్ గూడ పోయింది, పేపర్లు వాచీ గురించి రాసినంత దాని గురించి రాయలె. ముయ్యబోతున్నరని తెల్వంగనే, అప్పటిదాక ముట్టనోళ్లంత జనత కావాలె, పైలట్ కావాలె అని ఎగబడ్డరు. రేట్లు పెరిగినయి. రేట్లు పెరిగిన కాడ దొంగ సరుకు రాకుంటదా? జుమ్మేరాత్ బజార్ల బేస్తవారం నాడు సూడు, ఎర్ర డయలు జనత, నెమలి రంగు జనత, మీద దేవుని బొమ్మ జనత. అవన్ని పాత మిషనుకు కొత్త రంగు పూసినయి. కన్నద్దం పెట్టి సూస్తె అక్షరాల అంచులు పాకి ఉంటయి, అసలుదాంట్ల తేటగ ఉంటయి. నేను అట్లాంటిది ఒక్కటి గూడ ఈ డబ్బల పెట్టలె. గీతలు పడ్డ డయలు, పసుపు తిరిగిన డయలు పర్వాలేదు, అది దాని వయసు. రంగేసిన ముసలితనం నాకొద్దు.

ఇంకో సంగతి. అదే బజార్ల ఆల్విన్ అడిగితె అమ్మేటోడు నవ్వుతడు. స్విస్‌ది ఉన్నది సాబ్ తీస్కో అంటడు. ఫ్రిజ్జు ముక్కల కింద ఆల్విన్‌లు గంపలల్ల పడి ఉంటయి, ఎవ్వడు ఏరడు. సనత్‌నగర్‌ పక్కనున్న ఎర్రగడ్డ నుంచి ఎల్బీనగర్ దాక 2018ల మెట్రో వచ్చింది, ఇప్పుడు ఒక్క సీటు మీద కూసొని రావచ్చు. ఆ బండ్ల కూసున్నోళ్లల్ల, ఎర్రగడ్డ దాటేటప్పుడు ఇక్కడ చేతి గడియారాలు చేసిన కంపెనీ ఉండె అని ఎంతమందికి ఎరుక?

అందుకే చెప్పేది ఇనుండ్రి. మీ దోస్తుల ఇండ్లల్ల, తాతల బీరువాల మూలకు, పాత ఉత్తరాల కింద ఆల్విన్ వాచీ ఉంటది. అమ్మొద్దని చెప్పుండ్రి, డయలుకు కొత్త రంగు ఏయించొద్దని చెప్పుండ్రి. చాబి ఇచ్చేదైతె వారానికోసారి ఇయ్యమనుండ్రి, నూనె గడ్డకట్టి ఉంటె బలవంతంగ తిప్పొద్దు. సెల్లుదైతె ఇయ్యాల్నే వెనుక మూత ఇప్పించి ఆ సచ్చిన సెల్లు బయటికి తీయమనుండ్రి. లోపల్నే ఉంటె కారి మిషను తింటది, ఇగ దానికి ముక్కలు ఎక్కడా దొరకయి.