భయం నేరమా? 1914–15 నాటి సిపాయిల మనోవేదన

యుద్ధభూమిలో గుండె చెదరడం విశ్వాస లోపమా? హిజ్రీ 5వ సంవత్సరంలో (క్రీ.శ. 627) శత్రుకూటములు మదీనాను ముట్టడించినప్పుడు విశ్వాసులు ఎంతగా తల్లడిల్లారో దివ్య ఖుర్‌ఆన్ అహ్‌జాబ్ సూరాలో దాచకుండా తెలిపింది. ఆ భయాన్ని నేరమనలేదు. సాకులు చెప్పి పారిపోజూచిన కపటులనే తప్పుపట్టింది.

సైనికుని ఇల్లూ, మనసూ పాలకుని బాధ్యతేనని హజ్రత్ ఉమర్ (రజి) గుర్తించారు. ఒక రాత్రి మదీనా వీధులలో తిరుగుతుండగా, యుద్ధానికి వెళ్ళిన భర్తకై ఒక స్త్రీ పడుతున్న ఆవేదన ఆయన చెవిన పడింది. తమ కుమార్తె హజ్రత్ హఫ్సా (రజి)ను అడిగి తెలుసుకొని, సైనికులను నాలుగు నెలలకు మించి ఇంటికి దూరంగా ఉంచరాదని ఆజ్ఞాపించారు. కొన్ని ఉల్లేఖనాలలో ఆరు నెలలని ఉన్నది.

ఈ కొలమానంతో మొదటి ప్రపంచ యుద్ధాన్ని పరిశీలిద్దాం. 1914 సెప్టెంబరు చివర భారత సిపాయిలు ఫ్రాన్సులోని మార్సెయ్ రేవులో దిగారు. వారిలో పంజాబు, సరిహద్దు ప్రాంతాల ముస్లింలు ఎందరో ఉన్నారు. ఎరుగని చలి, బురద కందకాలు, ఎడతెగని ఫిరంగి మోత వారికి ఎదురైనాయి. గాయం మానినవారిని మళ్ళీ యుద్ధరంగానికే పంపడం వారిని మరింత క్రుంగదీసింది.

వారి ఉత్తరాలను సెన్సారు అధికారులు చదివేవారు. అందుచేత సిపాయిలు తమను నల్ల మిరియాలుగా, తెల్ల సైనికులను ఎర్ర మిరపకాయలుగా పేర్కొంటూ మరుగుభాషలో వ్రాసుకున్నారు. గాయపడినవారి ఉత్తరాలలో కవిత్వం పెరగడం మానసిక అశాంతికి సూచనయని సెన్సారు అధికారి హోవెల్ 1915 జనవరిలో నివేదించాడు. అయినా ప్రభుత్వానికి కలిగింది జాలి కాదు, అనుమానం. సిపాయిలు తమను తామే గాయపరచుకుంటున్నారేమోనని బ్రైటన్ ఆసుపత్రిలో కర్నల్ సెటన్ వేయి గాయాలను పరీక్షించాడు. ఆ అనుమానానికి ఆధారం దొరకలేదు.

1915 చివర పదాతిదళాలు ఫ్రాన్సు విడిచాయి. అయితే వారిని పంపినది ఇంటికి కాదు, ఇరాక్‌కు. అక్కడ ముస్లిం సిపాయి ఖలీఫా సైన్యంపైనే తుపాకి ఎత్తవలసి వచ్చింది.

‘షెల్ షాక్’ అనే మాట వైద్యపత్రికకెక్కినదీ ఆ 1915లోనే. ఆ యుద్ధంలో పారిపోవడం, పిరికితనం వంటి నేరాలకు కాల్చి చంపిన 306 మంది సైనికులకు బ్రిటన్ 2006లో గాని క్షమాపణ ప్రకటించలేదు.

భయపడిన విశ్వాసులను అల్లాహ్ నిందించలేదు. అటువంటప్పుడు యుద్ధం నుండి తిరిగివచ్చి మూగబోయిన మనిషిని పిరికివాడనే హక్కు మనకెక్కడిది?