ఆరోగ్య నిర్వహణ సమాచార వ్యవస్థ (హెచ్‌ఎంఐఎస్)

ప్రభుత్వ వైద్య సేవల లెక్కలను నెలనెలా ఒకచోట చేర్చేందుకు కేంద్ర ఆరోగ్య శాఖ 2008లో తెచ్చిన పోర్టల్ ఇది. ఉపకేంద్రం నుంచి జిల్లా ఆసుపత్రి దాకా గర్భిణుల నమోదు, కాన్పులు, టీకాలు ఇందులోకి ఎక్కుతాయి. ఈ అంకెలను పక్కపక్కన పెట్టి చదివినప్పుడే అసలు ప్రయోజనం. పెంటావాలెంట్ టీకా మొదటి డోసు వేయించుకున్న పిల్లల్లో కొందరు మూడో డోసుకు రాకపోతే, లోపం టీకా సరఫరాలో ఉందా, తల్లులను మళ్లీ పిలవడంలో ఉందా అని వెతకాల్సిన చోటు తెలిసిపోతుంది.

ఈ లెక్కలు రాసే ఆరోగ్య కార్యకర్తలైన ఏఎన్ఎంలకు సేవ కన్నా రాతకోతలే ఎక్కువయ్యాయన్న ఫిర్యాదు నిజమే. కానీ ఆ భారం కొంతవరకు ఒకే కాన్పును రిజిస్టర్లోనూ, ట్యాబ్‌లోనూ రెండుసార్లు రాయించడం వల్ల వచ్చింది. లక్ష్యాల భయంతో అంకెలు పెంచుతారన్న అనుమానమూ ఉంది. ఆసుపత్రి కాన్పులకు, పుట్టగానే వేసే బీసీజీ టీకాలకు పొంతన చూస్తే అలాంటి పెంపు కొంతైనా బయటపడుతుంది.