సున్నం నుంచి సిమెంటు దాకా – పునాది కథ

మన సంఘం కట్టబోయే బాలికల హాస్టలు విషయమై మొన్నటి సర్వసభ్య సమావేశంలో గంటన్నర సేపు చర్చ జరిగింది. అందులో గంటకు పైగా గేటు డిజైను మీద, శిలాఫలకంలో ఎవరి పేరు ముందుండాలనే దాని మీద సరిపోయింది. మట్టి పరీక్ష చేయించాలన్న మాట వచ్చేసరికి, "అదంతా దండగ ఖర్చు, మేస్త్రి చూసుకుంటాడు లెండి" అని ఒక పెద్దమనిషి తేల్చేశారు. నేను ఇంజనీరును కాను, ఉర్దూలో పిల్లలకు చరిత్ర చెప్పుకునే పంతుల్ని. కానీ మేస్త్రీల ఇంట పుట్టినవాణ్ణి. అందుచేత ఈ సంచికలో నాకు దొరికిన రెండు పేజీలూ పునాదికే ఇస్తున్నాను.

ఉర్దూలో బునియాద్ అంటాం, తెలుగులో పునాది అంటాం. ఈ రెండు మాటలూ ఒక తల్లి బిడ్డల్లాగే వినిపిస్తాయి నా చెవికి.

మా దాదా సున్నపు గానుగ తోలేవారు. గుండ్రంగా తవ్విన రాతి కాలువలో సున్నం, ఇసుక, నీళ్లు పోసి, ఎద్దులతో పెద్ద రాతి చక్రాన్ని దాని మీద తిప్పేవారు. అదే డంగు సున్నం. వెన్నలాగా అయ్యేదాకా తిప్పాల్సిందే. కొందరు కరక్కాయ నానబెట్టిన నీళ్లు, బెల్లం నీళ్లు కలిపేవారు. గట్టినేల తగిలేదాకా పునాది తవ్వి, రాళ్లు, ఇటుక ముక్కలు, సున్నం పొరలు పొరలుగా వేసి, ఒక్కొక్క పొరనూ దిమ్మిసతో కుమ్మేవారు. ఒక పొర సరిగ్గా కూర్చోనిదే ఇంకో పొర వేయనిచ్చేవారు కాదట దాదా. 1591 నాటి చార్మినారును నిలబెట్టింది కూడా రాయీ సున్నమే, సిమెంటు కాదు.

1617లో మొదలై ఔరంగజేబు కాలంలో 1694లో పూర్తయిన మక్కా మసీదు గురించి ఒక కథ చెప్పుకుంటారు. తహజ్జుద్ నమాజు ఏనాడూ తప్పనివారే పునాదిరాయి వేయాలన్నారట. ఎవరూ ముందుకు రాలేదు. చివరికి సుల్తాన్ మహమ్మద్ కుతుబ్ షాయే వచ్చి వేశారట. శిలాఫలకం చర్చలో పాల్గొన్న మిత్రులకు ఈ కథ గుర్తుచేయడంలో నాకు వేరే ఉద్దేశమేమీ లేదు.

ఇక కాంక్రీటు సంగతి. రెండు వేల ఏళ్ల కిందటే రోమనులు సున్నంలో అగ్నిపర్వతపు బూడిద కలిపి, నీళ్లలో సైతం గట్టిపడే కాంక్రీటు తయారుచేశారు. మనవాళ్లు సున్నంలో సుర్ఖీ, అంటే కాల్చిన ఇటుకల పొడి, కలపడంలోనూ కిటుకు అదే. 1750లలో ఇంగ్లండులో ఎడ్డీస్టోన్ దీపస్తంభం కట్టిన జాన్ స్మీటన్, బంకమన్ను కలిసిన సున్నపురాయిని కాలిస్తే నీళ్లలో గట్టిపడే సున్నం వస్తుందని కనిపెట్టాడు. 1824లో లీడ్స్ పట్టణపు తాపీ మేస్త్రి జోసెఫ్ ఆస్ప్‌డిన్ పోర్ట్‌లాండ్ సిమెంటుకు పేటెంటు తీసుకున్నాడు. గమనించండి, తాపీ మేస్త్రే! మన దేశంలో 1914లో పోరుబందరులో సిమెంటు తయారీ నిలదొక్కుకుంది.

సిమెంటు వచ్చింది గానీ చాలాకాలం మామూలు జనానికి అందలేదు. 1982 దాకా ధర, పంపిణీ రెండూ ప్రభుత్వ కంట్రోలులో ఉండేవి. ఆ ఏడు సగం సడలించారు, 1989లో పూర్తిగా ఎత్తేశారు. పర్మిటు మీద దొరికిన నాలుగు బస్తాలను అబ్బా మంచం కింద దాచి, వాన తగలకుండా గోనెపట్టాలు కప్పేవారని అమ్మీ ఇప్పటికీ చెబుతుంది. అలా కరువులో దొరికిన సిమెంటును జనం పొదుపుగా వాడటం నేర్చుకున్నారు. నీళ్ల విషయంలో మాత్రం ఆ పొదుపు లేకుండాపోయింది.

అసలు చిక్కంతా నీళ్లలోనే ఉంది. 1918లో చికాగోలో డఫ్ అబ్రామ్స్ అనే ఆయన లెక్కలేనన్ని కాంక్రీటు దిమ్మలు చేసి, విరగ్గొట్టి చూసి ఒక సూత్రం చెప్పాడు. సిమెంటుకు నీళ్ల పాలు పెరిగేకొద్దీ కాంక్రీటు బలం తగ్గుతుంది. 50 కిలోల బస్తాకు 25 లీటర్లంటే, ఇసుకలోని తడితో సహా, మంచి లెక్క. పనివాళ్లకేమో పల్చగా ఉంటే గమేళాలోంచి సులువుగా జారుతుంది, చేతులకు శ్రమ తగ్గుతుంది. వాళ్లను తప్పుపట్టలేం. అడిగేవాడు ఉండాలి.

నేను పనిచేసిన ఒక బడిలో రెండు గదులు ఇలాగే కట్టారు. నల్లరేగడి నేల. మట్టి తీయలేదు, మొరం పోయలేదు. ఉన్న నేల మీదే ఇనుము పరిచి స్లాబు పోశారు. పోత రోజున కాంక్రీటు పాయసంలా పారుతుంటే నేను చూస్తూ నిలబడ్డాను, నోరు విప్పలేదు. మూడో రోజుకే తడపడం మానేశారు. రెండు వానాకాలాలు గడిచేసరికి గది ఈ మూల నుంచి ఆ మూలకు చెయ్యి దూరేంత బీట. ఐదో తరగతి పిల్లలు రెండేళ్లు చెట్టు కింద కూర్చున్నారు. ఆ గదులకు చందాలు ఇచ్చినవారిలో బీడీలు చుట్టి బతికే తల్లులు కూడా ఉన్నారు.

నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు బిగుసుకుని నెర్రెలిస్తుంది. లోతైన రేగడిలో ఈ కదలిక సుమారు మూడున్నర మీటర్ల దాకా ఉంటుంది. అందుకే రూర్కీలోని కేంద్ర భవన పరిశోధనా సంస్థవారు 1950లలో అడుగున ఉల్లిగడ్డలా ఉబ్బిన పైల్స్‌ను ఈ నేలల కోసం రూపొందించారు. మన స్థలానికి స్లాబు పునాది చాలునా, పైల్స్ కావాలా, రేగడి ఎంత లోతు తీసి మొరం నింపాలి అన్నది మట్టి పరీక్షే చెప్పాలి. మేస్త్రి కంటికి కనిపించేది కాదు అది.

మన కుటుంబాల్లో దుబాయిలో షట్టరింగు, ఇనుపకట్టు పనులు చేసి వచ్చినవారు ఎంతమంది లేరు! వారిని అడగండి. 828 మీటర్ల బుర్జ్ ఖలీఫా 3.7 మీటర్ల మందం కాంక్రీటు రాఫ్ట్ మీద నిలబడింది, దాని కింద 190కి పైగా పైల్స్ ఉన్నాయి. వేసవిలో ఆ భవనం కాంక్రీటులో ఐసు కలిపి, రాత్రిపూట పోసేవారు. పరాయి దేశంలో ఎండను తప్పించి రాత్రుళ్లు పోత పోసిన చేతులు మన ఊళ్లో మాత్రం మే నెల మిట్టమధ్యాహ్నం పోయాలా?

మామూలు సిమెంటయితే కనీసం ఏడు రోజులు, బూడిద కలిసిన సిమెంటయితే పది రోజులు తడుపుతూ ఉండాలని మన దేశపు ప్రమాణాల పుస్తకమే చెబుతోంది. అన్నిరోజులూ తడిపే పని మా తొమ్మిదో తరగతి పిల్లల తండ్రులు వంతులవారీగా ఒప్పుకున్నారు. మట్టి పరీక్ష ఖర్చులో నా వంతు కార్యదర్శిగారికి ఇచ్చి రసీదు తీసుకున్నాను. పోత రోజున బడికి సెలవు పెడతాను. మిక్సరు పక్కన నీళ్ల డ్రమ్ము దగ్గర, కొలత గీసిన బకెట్టు పట్టుకుని కూర్చునేది నేనే.