గ్రాంటు, తెర, డబుల్ బాస్

1989 మొదట్లో నేను డెట్రాయిట్‌లో వేన్ స్టేట్ యూనివర్సిటీ లైబ్రరీలో పుస్తకాలు అరల్లో సర్దే పని చేసేవాణ్ణి. అందిన ప్రతి డాలర్‌నీ రూపాయల్లోకి మార్చుకుని మురిసిపోయే రోజులు. ఒక మధ్యాహ్నం పేపర్ తిరగేస్తుంటే ఓ వార్త కంటబడింది. ఊళ్లో ఉన్న సింఫనీ ఆర్కెస్ట్రాకు మిషిగన్ రాష్ట్రం ఏటా ఇచ్చే గ్రాంటులో సగాన్ని ఇద్దరు ప్రజాప్రతినిధులు ఆపేయించారట. నల్లజాతి వాద్యకారుల్ని తీసుకుంటేనే వదులుతామంటున్నారట. నాకు నవ్వొచ్చింది. ఇంత దూరం విమానమెక్కి వచ్చినా ఇదే గొడవా అని.

ఆ నవ్వుకి కారణం ఉంది. 1986లో ఎన్టీఆర్ ప్రభుత్వం వెనకబడిన తరగతుల రిజర్వేషన్‌ను 25 శాతం నుంచి 44కు పెంచినప్పుడు నేను విశాఖలో ఇంజనీరింగ్ చదువుతున్నాను. అనుకూలంగా ఒక ఊరేగింపు, వ్యతిరేకంగా ఇంకోటి. హాస్టల్ మెస్‌లో కలిసి తిన్నవాళ్లం వేర్వేరు బల్లలకు మారిపోయాం. హైకోర్టు ఆ పెంపును కొట్టేసింది. బల్లలు మాత్రం మళ్లీ కలవలేదు. ‘మెరిట్’ అన్న మాట ఎవరి నోట ఏ అర్థంతో వస్తుందో ఆ ఏడాదే తెలిసింది నాకు.

అందుకే డెట్రాయిట్ వార్తను వదలకుండా చదివాను. గ్రాంటు దాదాపు 25 లక్షల డాలర్లు. ఆపిన ఇద్దరిలో డేవిడ్ హోమ్స్ రాష్ట్ర సెనేటర్, మోరిస్ హుడ్ దిగువ సభ సభ్యుడు. ఇద్దరూ డెట్రాయిట్ వాళ్లే, ఇద్దరూ నల్లవాళ్లే. ఆర్కెస్ట్రాలో 98 మంది ఉంటే నల్లవాడు ఒక్కడు, వయొలిన్ వాయించేవాడు. ఊళ్లోనేమో నలుగురిలో ముగ్గురు నల్లవాళ్లు. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూపిస్తే చాలు, వేదిక మీద ఇంకో ఉపన్యాసం అక్కర్లేదు. రాజకీయం తెలిసినవాళ్లు కాబట్టి వాళ్లు అదే చేశారు.

అసలు ఒక ఊరి ఆర్కెస్ట్రా రాష్ట్ర ఖజానా వైపు ఎందుకు చెయ్యి చాచాల్సి వచ్చింది? దానికి కాస్త వెనక్కి వెళ్లాలి. 1918లో ఓసిప్ గాబ్రిలోవిచ్ అనే రష్యన్ పియానిస్టు ఇక్కడికి కండక్టర్‌గా వచ్చాడు. మార్క్ ట్వేన్ అల్లుడు. సరైన హాలు కట్టకపోతే ఉండనన్నాడు. కార్ల సొమ్ముతో ఊరు పొంగుతున్న కాలం అది. వుడ్‌వర్డ్ అవెన్యూలో ఒక పాత చర్చిని పడగొట్టి, దాదాపు ఐదు నెలల్లో హాలు లేపారు. 1919 అక్టోబర్‌లో తెరిచారు. పేరు ఆర్కెస్ట్రా హాల్. రెండువేల మంది పడతారు. గుసగుసలాడినా పై అంతస్తులో వినిపించే కట్టుబడి.

ఇరవై ఏళ్లు తిరక్కుండా ఆర్థిక మాంద్యం దెబ్బకు ఆర్కెస్ట్రా 1939లో ఆ హాలు ఖాళీ చేసి వెళ్లిపోయింది. 1941 క్రిస్మస్ ముందు రోజు అదే భవనం ‘ప్యారడైజ్ థియేటర్’ అయింది. నల్లవాళ్ల పేట ప్యారడైజ్ వ్యాలీ పేరు మీద పెట్టిన పేరది. డ్యూక్ ఎల్లింగ్టన్, బిల్లీ హాలిడే, ఎల్లా ఫిట్జెరాల్డ్ ఆ వేదిక ఎక్కారు. పదేళ్లు ఒక వెలుగు వెలిగి 1951లో మూతబడింది. సింఫనీ కోసం కట్టిన హాలు జాజ్‌కు ఇల్లయిందన్న సంగతి నాకు చాలా కాలం తెలియదు. తెలిశాక 1989 గొడవ ఇంకోలా కనిపించింది. ఆర్కెస్ట్రా వదిలేసి పోయిన చోట నల్ల డెట్రాయిట్ పాడుకుంది. 1970లో ఆ భవనాన్ని పడగొట్టి రెస్టారెంటు కట్టాలని చూస్తే, ఆర్కెస్ట్రాలోనే బసూన్ వాయించే పాల్ గాన్సన్ అడ్డం నిలబడి ఉద్యమం నడిపించాడు. బాగుచేతలకు దాదాపు రెండు దశాబ్దాలు పట్టింది. ఆర్కెస్ట్రా తిరిగి ఆ హాల్లో అడుగుపెట్టింది సరిగ్గా 1989లోనే, ఆ సెప్టెంబర్‌లో. అంటే గ్రాంటు కోసం కొట్లాట సాగుతున్నప్పుడు, వుడ్‌వర్డ్‌లో మేస్త్రీలు ఇంకా పని చేస్తూనే ఉన్నారన్నమాట.

ఈలోగా ఊరు కరిగిపోయింది. 1950లో 18 లక్షలు దాటిన జనాభా 1990కి పది లక్షల పైచిలుకుకి దిగింది. 1967లో జరిగిన జాతి అల్లర్లలో 43 మంది చచ్చిపోయారు. తెల్లవాళ్లు శివార్లకు తరలిపోతున్నది అంతకు ముందు నుంచే, ఆ తర్వాత ఇంకా జోరందుకుంది. పన్నులు కట్టేవాళ్లతో పాటు సింఫనీ టికెట్లు కొనేవాళ్లూ పోయారు. దాతల ఇళ్లు శివార్లలో, ఆర్కెస్ట్రా ఊరి నడిబొడ్డున. 1987లో వాద్యకారులు సమ్మె చేశారు. ఇక మిగిలింది లాన్సింగ్‌లోని రాష్ట్ర శాసనసభ. డెట్రాయిట్ సొగసులకు మా పన్నులెందుకని పల్లెల సభ్యులు సణిగేవారు. కాబట్టి గ్రాంటు గట్టెక్కాలంటే డెట్రాయిట్ సభ్యుల చేతులే లేవాలి. ఆ చేతులు ఓటు వేసే ముందు ఒక ప్రశ్న అడిగాయి. అడగడం తప్పని నేననను. అడిగిన తీరు గురించి మాత్రం ఇప్పటికీ నాలో నాకే పడదు.

ఆర్కెస్ట్రా వాళ్ల జవాబు ఒకటే: ‘మా దగ్గర తెర ఉంది.’

ఆ తెర గురించి చెప్పాలి. ఖాళీ పడ్డప్పుడు వందల్లో దరఖాస్తులు వస్తాయి. అభ్యర్థికి పేరు ఉండదు, నంబరే. వేదిక మీద అడ్డంగా తెర కడతారు. అవతల కమిటీ సభ్యులు చెవులు రిక్కించి కూర్చుంటారు. నడిచే దారిలో తివాచీ పరుస్తారు, మడమల చప్పుడును బట్టి ఆడో మగో పోల్చుకోకుండా. అభ్యర్థి నోరు విప్పకూడదు. ఏదైనా అడగాలంటే పక్కనున్న మనిషి చెవిలో చెప్పాలి, అతను పైకి అడుగుతాడు. చూడని వాళ్లకు వింతగా ఉంటుంది గానీ ఇంత నిజాయితీ ఉన్న పరీక్ష నేనింకోటి ఎరగను. అమెరికా ఆర్కెస్ట్రాల్లో ఆడవాళ్ల సంఖ్య పెరగడంలో ఈ తెరకు వాటా ఉంది.

కానీ తెర ఆ గదిలో మాత్రమే న్యాయం చేస్తుంది. ఆ గది దాకా వచ్చేదెవరు? ఆరేళ్ల పిల్లాడికి వయొలిన్ కొనిచ్చి, వారం వారం మాస్టారికి డబ్బు కట్టగలిగిన ఇంటివాళ్లు. ఈ మాట అప్పుడు మా రూమ్మేట్ గుంటూరు గురువుగారితో అంటే, ‘‘నువ్వు విశాఖలో ఏ ఊరేగింపులో ఉన్నావోయ్?’’ అని అడిగాడు. నేను జవాబు చెప్పలేదు. నేనున్నది రెండో ఊరేగింపులో.

చివరికి ఆర్కెస్ట్రా బోర్డు లొంగింది. సభ్యుడెవరైనా రానప్పుడు బదులుగా వాయిస్తున్న రిచర్డ్ రాబిన్సన్ అనే నల్ల యువకుడు ఉన్నాడు, అతని వాయిద్యం డబుల్ బాస్. పుట్టింది హైలాండ్ పార్క్‌లో, ఫోర్డ్ మోడల్ టి కార్లు తయారైన ఊరు. వాద్యకారులు ఓటు వేసి ఆడిషన్ నిబంధన పక్కన పెట్టారు. తెర కట్టకుండానే అతనికి పర్మనెంట్ కొలువు ఇచ్చారు. గ్రాంటు కదిలింది. అందరిలాగే ఆడిషన్ ఇచ్చి గెలిస్తే బాగుండేదని రాబిన్సనే పేపర్లవాళ్లతో అన్నాడు. నాకు కడుపులో దేవినట్టయింది. ఉద్యోగం ఇచ్చి, సంపాదించుకున్నానని చెప్పుకునే హక్కు లాగేసుకున్నారు కదా అనిపించింది. ఇంకొకాయన ఉన్నాడు, జేమ్స్ డిప్రీస్ట్, ఒరెగాన్ సింఫనీ కండక్టర్, గాయని మేరియన్ ఆండర్సన్‌కు చెల్లెలి కొడుకు. డెట్రాయిట్ సంగీత దర్శకుడి పదవికి అతని పేరు వినిపిస్తుండేది. ఈ వాతావరణంలో నన్ను లెక్కలోకి తీసుకోవద్దని తప్పుకున్నాడు. రాజకీయం ఒక నల్లవాణ్ణి లోపలికి తెచ్చి, ఇంకొకణ్ణి గుమ్మం దగ్గరే ఆపేసింది.

అయితే ఆ గొడవ జరగకపోతే 1990లో నల్ల యువ వాద్యకారులకు ఆర్కెస్ట్రా మొదలుపెట్టిన ఫెలోషిప్ వచ్చేదా? నాకు నమ్మకం లేదు. మర్యాదగా అడిగితే ‘తెర ఉంది కదా’ అనేవారు, ఇంకో ఇరవై ఏళ్లు గడిచేవి.

మాది విజయనగరం. మా సంగీత కళాశాల కూడా 1919లోనే పెట్టారు. రాజావారి దగ్గర పనిచేసే చాగంటి జోగారావుగారి కొడుకు గంగరాజుకి చూపు లేదు. ఆ కుర్రాడికి సంగీతం నేర్పించాలన్న తలంపులోంచి పుట్టిన బడి అది. ఆదిభట్ల నారాయణదాసు మొదటి అధ్యక్షులు, ద్వారం వెంకటస్వామినాయుడు వయొలిన్ మాస్టారు. అక్కడ తెర కట్టలేదు, ఎవరూ ఓటేయలేదు. రాజుగారికి తోచింది, అయిపోయింది. చిన్నప్పుడు ఈ కథ వింటే రాజుగారి మీద గౌరవం పొంగేది. ఇప్పుడు ఆ డబ్బు ఏ రైతుల శిస్తులోంచి వచ్చిందా అని కూడా ఆలోచిస్తున్నాను. వాళ్లను అడిగి ఉంటే ఏమనేవారో.

డెట్రాయిట్‌లో చదువు అయ్యాక కార్ల విడిభాగాల కంపెనీలో ఉద్యోగం, శివారు ఊరు ట్రాయ్‌లో ఇల్లు. శనివారాలు ఆర్కెస్ట్రా హాల్లో సీట్లు చూపించే వాలంటీర్‌గా కొన్నేళ్లు పనిచేశాను. నల్లకోటు, చేతిలో చిన్న టార్చి. ఒకసారి ఒక నల్ల ముసలమ్మ మెట్లెక్కడానికి నా చెయ్యి పట్టుకుంది. బాల్కనీలోకి రాగానే ఆగి, తన సీటు వెతకడం మానేసి, ఇంకో వరస వైపు చూసింది. ‘‘సినిమా ఎప్పుడు మొదలెడతారు బాబూ?’’ అంది. నేను బిత్తరపోయి, ఈ రాత్రి బ్రామ్స్ అండీ అన్నాను. పకపకా నవ్వింది. ప్యారడైజ్ రోజుల్లో ముందు సినిమా వేసి తర్వాత బ్యాండు వచ్చేదట. అక్క కొంగు పట్టుకుని వచ్చేదట.

2010 అక్టోబర్‌లో మళ్లీ సమ్మె. వాద్యకారుల కనీస జీతం లక్షా నాలుగు వేల డాలర్లు దాటి ఉండేది, దాన్ని దాదాపు మూడో వంతు కోస్తామంది యాజమాన్యం. ఆరు నెలలు హాలు మూగబోయింది. 2011 ఏప్రిల్‌లో రాజీ కుదిరాక మా శివార్లలోని చర్చిల్లో, యూదుల ప్రార్థనా మందిరాల్లో కచేరీలు మొదలుపెట్టారు. శ్రోతలు ఊళ్లోకి రాకపోతే ఆర్కెస్ట్రానే ఊరు దాటింది. 2012లో మూడు కౌంటీల జనం డెట్రాయిట్ ఆర్ట్ మ్యూజియం కోసం ఆస్తిపన్ను మీద అదనపు పన్ను కట్టడానికి ఓటేశారు. నేనూ వేశాను. ఆ పన్నులో ఆర్కెస్ట్రాకు వాటా లేదు.

రాబిన్సన్ రెండు దశాబ్దాలకు పైగా బాస్ వరసలో నిలబడి వాయించాడు. ఆ సమ్మె ముగిసిన కొంతకాలానికి కొలువు వదిలేశాడు. తనే రాసుకున్న సంగీతాన్ని చిన్న బృందాలతో బార్లలో, కాఫీ షాపుల్లో వాయించడం మొదలుపెట్టాడు. గ్లాసుల చప్పుడు మధ్య, మనిషి కంటే ఎత్తున్న ఆ వాయిద్యాన్ని భుజానికి ఆనించుకుని.