కాటుకను చూపించుకొద్దాం

ఉదయం ఏడు కావస్తోంది. పాలు కాగాయి, కాఫీలు అయ్యాయి, పిల్లుల గిన్నెలు మాత్రం బోర్లించే ఉన్నాయి. రక్తపరీక్ష ఉంది కాబట్టి రాత్రి నుంచి వాటికి తిండి లేదు. కాషాయ రంగు గండుపిల్లి లడ్డు నా కాళ్లకు అడ్డం పడుతూ నిలదీస్తున్నాడు. నల్లపిల్లి కాటుక గొంతెత్తడం లేదు. సోఫా చివర ముడుచుకుని, చెవులు వెనక్కి వాల్చి, మా అమ్మాయి ఒక్కో గది తలుపూ వేసుకుంటూ రావడం చూస్తోంది.

పిల్లిని ఆసుపత్రికి తీసుకెళ్లాలంటే ముందు చెయ్యాల్సింది తలుపులు మూయడమే. పడకగది తెరిచి ఉందంటే కాటుక మంచం కింద గోడమూలకు చేరుతుంది. అక్కడి నుంచి లాగితే ఆ బెదురు ఆసుపత్రి దాకా వెంట వస్తుంది. పిల్లుల్ని తీసుకెళ్లే క్యారియర్లు రెండూ చాలా రోజులుగా హాల్లోనే తెరిచి ఉన్నాయి. లోపల నా పాత నేత చీర మడతపెట్టి పరిచాం. దానికి ఇంటి వాసన, వాటి ఒంటి వాసన బాగా పట్టింది. లడ్డు మధ్యాహ్నాలు అందులోనే నిద్రపోతున్నాడు. ఇవాళ కూడా తనే నడుచుకుంటూ లోపలికి వెళ్లాడు, అమ్మాయి తలుపు బిగించింది.

కాటుక సంగతి వేరు. దానికి తొమ్మిదేళ్లు, ఆసుపత్రి అంటే వణుకు. అందుకే డాక్టర్ గారిని ముందే అడిగి, దాని బరువుకు తగ్గ మోతాదులో గాబాపెంటిన్ తెచ్చుకుని, తెల్లవారుజామున మందు పట్టేంత చిన్న చికెన్ పీచులో పెట్టి ఇచ్చాం. రెండు మూడు గంటల్లో భయం తగ్గించి కాస్త మగతగా ఉంచుతుంది.

"అమ్మా, మెడ పట్టుకుని ఎత్తనా?"

"వద్దమ్మా. కూనలప్పుడు వాటి తల్లి అలా పట్టుకునేది. ఇంత పెద్దదాన్ని పట్టుకుంటే బెదిరిపోతుంది. ఆ తువ్వాలు ఇలా ఇవ్వు."

తువ్వాలు వీపు మీద కప్పి, ఒక చెయ్యి ఛాతీ కింద, ఇంకోటి వెనక కాళ్ల కింద వేసి ఎత్తాను. క్యారియర్ పైభాగం ముందే ఊడదీసి ఉంచాం. తువ్వాలుతో సహా అడుగుభాగంలో కూర్చోబెట్టి పైన మూత బిగించాం. చేతులు తీస్తుంటే దాని గుండె నా మణికట్టుకు దడదడా తగిలింది.

ఆటో ఎక్కాం. వినాయక చవితి దగ్గర పడింది. పద్మారావునగర్‌లో మా వీధి మొదట్లో పందిరి కర్రలు పాతుతున్నారు, మైకు సరిచూస్తున్నారు. "అన్నా, మైకు పక్కనుంచి వద్దు, వెనక గల్లీలోంచి పోదాం," అన్నాను. ఆటో అన్న అద్దంలోంచి చూశాడు.

"పిల్లులా అక్కా అండ్ల? పిల్లి ఎదురొస్తె ఆగాల్నంటరు. ఇవి బండ్లనే కూసున్నయ్, ఇంక ఆగేదేముంది!" అని నవ్వుతూ బండి గల్లీలోకి తిప్పాడు. స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా అడక్కుండానే నెమ్మదిస్తున్నాడు.

క్యారియర్‌ని పిడితో వేలాడదీస్తే లోపలున్న దానికి నేల ఊగిపోతుంది. అందుకే ఒళ్లో పెట్టుకుని అడుగున రెండు చేతులూ ఆనించాను, పైన పలచటి గుడ్డ కప్పాను. చిలకలగూడ దాటాక కాటుక అరుపు మొదలైంది. అన్నం అడిగే అరుపు కాదిది, పొట్టలోంచి సాగదీసుకుని వచ్చే బొంగురు కేక. గుడ్డ ఎత్తి చూశాను. నోరు మూసుకునే ఊపిరి తీస్తోంది. దారిలో గమనించాల్సింది ఇదే. పిల్లి నోరు తెరిచి రొప్పుతోందంటే దానికి ఊపిరి కష్టమవుతోందని అర్థం, ఆ మాట డాక్టరుకు వెంటనే చెప్పాలి.

మారేడ్‌పల్లిలో క్లినిక్ మెట్లెక్కగానే ఫినాయిల్ వాసన, తడి కుక్క వాసన కలిసి ముక్కుకు కొట్టాయి. ఒక లాబ్రడార్ తోకతో నేలను బాదుతోంది. క్యారియర్లను నేలమీద దించలేదు. కుక్కల ముక్కులకు అందకుండా బల్లమీద పెట్టి, తలుపులు గోడవైపు తిప్పాం. కాటుక కేకలు ఆగిపోయాయి.

ఎదురు కుర్చీలో కాలేజీ కుర్రాడు అట్టపెట్టె పట్టుకుని కూర్చున్నాడు. పెట్టెలో నెలల కూన. తల వేలాడేసింది, మూతి చుట్టూ పసుపుపచ్చ నురగ. నిన్నటి నుంచి వాంతులంటున్నాడు. మా వంతు అతనికిచ్చేశాం. డాక్టర్ గారు కూనను చూడగానే వేరే గదిలోకి తీసుకెళ్లారు, కాంపౌండర్ ఆ కుర్చీని, నేలను బ్లీచింగ్ నీళ్లతో తుడిచాడు. ప్యాన్‌ల్యూకోపీనియా అనుమానం. కూనల ప్రాణాలు తీసే వైరస్ అది. బయట నెలల తరబడి చావకుండా ఉంటుంది, మన చెప్పులకు అంటుకుని ఇంట్లోకి వస్తుంది. గడప దాటని పిల్లికి టీకా ఎందుకని అడిగేవాళ్లకు ఇదే జవాబు.

ఇప్పుడు కాటుక వంతు. డాక్టర్ గారు దాన్ని బయటకు లాగలేదు. క్యారియర్ పైమూత మాత్రం తీసి, అది చీరమీద కూర్చున్నచోటే పరీక్ష మొదలుపెట్టారు. చూపులు కలపకుండా పక్కనుంచి చెయ్యి వేశారు. స్టెతస్కోపు పెట్టి, "భయానికి రెండు వందలు దాటి కొట్టుకుంటోంది మేడమ్. ఇక్కడ ఇది మామూలే," అన్నారు. జ్వరం లేదు, 101.5. మెడ కింద థైరాయిడ్ గడ్డల కోసం వెతికారు. పొట్టకు రెండు పక్కలా వేళ్లు వేసి మూత్రపిండాలు తడిమారు. తర్వాత తూకం: 3.6 కిలోలు. పాత కార్డు తిరగేశారు. నిరుడు 4.1.

"అర కిలోనే కదా అనుకోకండి. అరవై కిలోల మనిషి ఏడు కిలోలు తగ్గినట్టు."

"తింటూనే ఉంది డాక్టర్ గారూ."

"తింటుంది మేడమ్. నొప్పి బయటపెట్టదు."

పై పెదవిని బొటనవేలితో పైకి జరిపారు. కింది దవడలో కోరపన్ను వెనకే ఉన్న చిన్న పన్ను చూపించారు. చిగురు ఎర్రగా పన్ను మీదికి పాకి ఉంది, దాని కింద తెల్లటి పన్నులో గుంట. దూదిపుల్ల మెల్లగా తగిలించగానే కాటుక కింది దవడ టకటకా కొట్టుకుంది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. పన్ను తనంతట తానే కరిగిపోయే జబ్బు ఇది, పెద్దవయసు పిల్లుల్లో తరచూ వస్తుందట. పూడిస్తే ఆగదు. ఎక్స్‌రే తీసి, మత్తిచ్చి, పన్ను తీసేయాలి. ఇందుకే ఇంట్లో కాటుక పిల్లిమేత గింజలను నమలకుండా మింగుతోంది.

"అప్పటిదాకా నొప్పికి నేనిచ్చే మందే వెయ్యండి. ఇంట్లో ఉన్న పారాసెటమాల్ మాత్రం వద్దు, పిల్లికి అది విషం," అని గట్టిగా చెప్పారు. వెనక కాలి నరంలోంచి రక్తం తీసి, మూత్రపిండాల పరీక్షకు పంపారు.

లడ్డు పని త్వరగా అయిపోయింది. ఏడాదికోసారి వెయ్యాల్సిన రేబిస్ టీకా పడింది. ఆరు కిలోలు దాటాడు, తగ్గాలి. మా అత్తయ్య గారు ప్రేమగా పెట్టే పెరుగన్నం సంగతి అమ్మాయి బయటపెట్టేసింది. ఒక ముద్ద పర్వాలేదట, దాని మీదే పెంచకూడదట. పిల్లికి మాంసంలో దొరికే టారిన్ తప్పనిసరి. అది చాలకపోతే గుండె కండరం బలహీనపడుతుందని అమెరికాలో పాల్ పియాన్ బృందం 1987లో రుజువు చేసింది. ఇంకో హెచ్చరిక గండుపిల్లుల కోసం: ఇసుక ట్రేలో కూర్చుని ముక్కుతూ చుక్క మూత్రం కూడా రాకపోతే తెల్లారేదాకా ఆగకూడదు, అర్ధరాత్రయినా తీసుకెళ్లాలి.

ఇంటికొచ్చాక రెండింటినీ ఒకేసారి వదల్లేదు. ఆసుపత్రి వాసనకు ఒకదాన్నొకటి గుర్తుపట్టక బుస కొడతాయి, కొట్టుకుంటాయి. ఒంటికి పట్టిన వాసన పోయేదాకా వేర్వేరు గదుల్లో ఉంచాం. సాయంత్రానికి ఫోన్ వచ్చింది. కాటుక మూత్రపిండాలు బాగున్నాయి. బరువు తగ్గడానికి కారణం ఆ పన్నే. వచ్చేవారం తీయించేస్తాం.

పిల్లి తన బాధ చెప్పుకోదు, దాచుకుంటుంది. కాబట్టి అది చక్కగా ఉన్నప్పుడే తీసుకెళ్లండి. ఏడాదికోసారి, పెద్దవయసు వచ్చాక ఆరు నెలలకోసారి. రేబిస్ టీకా ఖర్చు భారమనుకుంటే ఏటా జులై 6న, ప్రపంచ జూనోసిస్ దినం నాడు, పశుసంవర్ధక శాఖ ఆసుపత్రుల్లో ఉచితంగా వేస్తారు. క్యారియర్‌ని అటక మీంచి ఇవాళే దించి, పాత చీర పరిచి హాల్లో పెట్టండి. రేపు ఫోన్ చేసి డాక్టరు దగ్గర సమయం తీసుకోండి.